అడంగలు తప్పితే – ఫర్మ్‌వేర్ దోషాలను లినక్స్ సర్దుకున్న తీరుపై విమర్శ

ఒక కావ్యాన్ని విమర్శకుడు చదివినట్లే ఒక కంప్యూటర్ ప్రోగ్రామును కూడా చదివి మంచిచెడ్డలు చెప్పవచ్చును. ప్రోగ్రాము మనిషి వ్రాసినది. అందులో ఆలోచన ఉంటుంది, దూరదృష్టి ఉంటుంది, ఒక్కొక్కప్పుడు తొందరపాటు కూడా ఉంటుంది. అయితే పెక్కు ప్రోగ్రాములను అమ్మేవారు వాటి మూలరూపాన్ని బయట పెట్టరు. కనుక వాటిని విమర్శించే అవకాశం చదువరికి దక్కదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌కు ఈ అడ్డు లేదు. అది ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి భాగం. దానిలో ఏ మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న వివరణతో సహా అమలాపురంలో విద్యార్థి అయినా, రాజోలులో ఉపాధ్యాయుడు అయినా ఉచితంగా చదువుకొనవచ్చును.

ఇక్కడ పరిశీలించేది అందులో ఒక చిన్న భాగాన్ని మాత్రమే. యంత్రంలో ఏ మెమరీ ఎవరికి చెందుతుందో లినక్స్ ఎలా తెలుసుకుంటుంది? తనకు అందిన సమాచారమే తప్పయినప్పుడు ఏమి చేస్తుంది? పాఠ్యపుస్తకాలలో మెమరీని పుటలుగా విభజించుట, వాటిని ప్రోగ్రాములకు పంచుట మొదలగు విషయాలను విపులంగా చెబుతారు. కాని పంచవలసిన ఆస్తి ఎంత, దాని హద్దులు ఏవి అన్న ప్రశ్న వచ్చేసరికి, అది ముందే తెలిసినదని అనుకొని ముందుకు సాగుతారు. వాస్తవంలో చిక్కంతా అక్కడే ఉన్నది.

యంత్రపు అడంగలు

కంప్యూటర్‌లో ప్రతి బైటుకూ ఒక చిరునామా ఉంటుంది. 32 బిట్లతో చెప్పగల చిరునామాలు 429,49,67,296. దీనినే 4 గిగాబైట్లు అంటారు. ఈ చిరునామాలన్నీ మనం కొని తగిలించిన మెమరీకే చెందుతాయని పలువురు భావిస్తారు. అది సరి కాదు. తెర, డిస్కు, నెట్‌వర్కు, టచ్‌ప్యాడ్ మొదలగు పరికరాలతో ప్రాసెసర్ మాట్లాడవలెనన్నా చిరునామాలే కావాలి. ఫలానా చిరునామాలో ఒక సంఖ్య వ్రాస్తే అది మెమరీలో నిలువ ఉండదు. పరికరానికి ఆజ్ఞగా చేరుతుంది. కాబట్టి చిరునామాల మైదానంలో కొంత భాగం మెమరీకి, కొంత భాగం పరికరాలకు, మరికొంత యంత్రం తన సొంత అవసరాలకు ఉంచుకుంటుంది.

కోనసీమ పాఠకులకు దీనిని ఊరి భూమితో పోల్చి చెప్పవచ్చును. ఊరిలో సాగుభూమి ఉంటుంది, కాలువగట్లు ఉంటాయి, దారులు ఉంటాయి. ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, అది జిరాయితీయా పోరంబోకా అన్నది అడంగలులో ఉంటుంది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయ్యేవరకు ఆ లెక్క కరణంగారి చేతిలో ఉండేది. కంప్యూటర్‌లో ఆ కరణం ఫర్మ్‌వేర్. యంత్రానికి విద్యుత్తు అందిన వెంటనే మొదట మేలుకొని, మదర్‌బోర్డు మీది చిప్పులో నుండి నడిచే ప్రోగ్రాము ఇదే. పాత యంత్రాలలో దీని పేరు బయాస్. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఉన్నది. ఆపరేటింగ్ సిస్టం ఊరికి కొత్తగా వచ్చిన రైతు వంటిది. పొలం చూడకముందే అది కరణాన్ని అడంగలు అడుగుతుంది.

ఈ అడిగే పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. మొదట బయాస్ ఒకే ఒక సంఖ్య చెప్పేది: మొదటి మెగాబైటుకు పైన ఎన్ని కిలోబైట్ల మెమరీ ఉన్నది అని. ఆ సంఖ్య 16 బిట్లలో ఇమడవలె కనుక సుమారు 64 మెగాబైట్లకు మించి చెప్పలేకపోయేది. తరువాత వచ్చినది ఇ820 అనే పద్ధతి. ఇందులో ఫర్మ్‌వేర్ ఒక్కొక్క వరుసగా జాబితా ఇస్తుంది. ప్రతి వరుసా 20 బైట్లు: ఎక్కడ మొదలు అన్నదానికి 8, ఎంత పొడవు అన్నదానికి 8, ఏ తరగతి అన్నదానికి 4. ఒకటవ తరగతి వాడుకోదగిన మెమరీ, అనగా జిరాయితీ. రెండవది ప్రత్యేకించినది, అనగా పోరంబోకు. మూడవ తరగతిలో యంత్రపు వివరాల పట్టికలు ఉంటాయి. వాటిని చదువుకొన్న తరువాత ఆ స్థలం వాడుకొనవచ్చును. నాలుగవ తరగతిని ఎన్నడూ ముట్టరాదు.

తిరిగి కొలవరాదా?

అడంగలు మీద నమ్మకం లేకపోతే గొలుసు పట్టుకొని పొలం కొలవవచ్చును కదా అని ఒక విద్యార్థి అడగవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల పునఃసర్వేను ప్రారంభించినది కూడా పాత లెక్కలకూ నేల మీది స్థితికీ పొంతన లేకనే. కంప్యూటర్‌లో కూడా ఒకప్పుడు ఈ పని చేసేవారు. ఒక చిరునామాలో ఒక సంఖ్య వ్రాసి, తిరిగి చదివి, అదే సంఖ్య వస్తే అక్కడ మెమరీ ఉన్నదని నిర్ణయించేవారు.

నేటి యంత్రంలో ఇది ప్రమాదకరం. ఆ చిరునామాలో మెమరీకి బదులు ఒక పరికరం ఉంటే మనం వ్రాసిన సంఖ్యను అది ఆజ్ఞగా తీసుకుంటుంది. కొన్ని పరికరాలలో చదివినంత మాత్రాన కూడా స్థితి మారిపోతుంది. ఫర్మ్‌వేర్ తన రహస్య అవసరానికి ఉంచుకొన్న మెమరీ అయితే పరీక్షలో మామూలు మెమరీలాగే కనిపించి, తరువాత ఎప్పుడో యంత్రాన్ని పడగొడుతుంది. కనుక ఆపరేటింగ్ సిస్టంకు అడంగలు తప్ప మరొక ఆధారం దాదాపు లేదు. తప్పని తెలిసిన లెక్కనే చదవాలి, దానిని అనుమానిస్తూ చదవాలి. ఈ అనుమానాన్ని ఎంతవరకు, ఏ ఆధారంతో ప్రయోగించాలి అన్నదే ఈ రచనలోని అసలు సమస్య.

చిన్న తప్పులు, చిన్న సర్దుబాట్లు

లినక్స్ ఈ సమస్యను చాలా చోట్ల మెచ్చుకోదగిన రీతిలో పరిష్కరించినది. కొన్ని ఉదాహరణలు చూడవచ్చు.

ఇ820 జాబితాలో రెండు వరుసలు ఒకదానిపై ఒకటి పడటం సామాన్యం. ఒక వరుస అది వాడుకోదగిన మెమరీ అంటుంది. మరొక వరుస అదే చోటును పోరంబోకు అంటుంది. లినక్స్ జాబితాను వరుసలో పెట్టి, తగాదా ఉన్నచోట పెద్ద తరగతి సంఖ్య గలదానిని అంగీకరిస్తుంది. జిరాయితీ ఒకటి, పోరంబోకు రెండు కనుక సందేహం వచ్చినప్పుడు భూమిని వదులుకుంటుందన్నమాట.

కొన్ని బయాస్‌లు తమవి కాని చోట్ల కూడా చేయి పెట్టేవి. యంత్రాన్ని నిద్రపుచ్చి లేపినప్పుడు, కొన్నిటిలో హెచ్‌డీఎంఐ తీగను ఊడదీసినప్పుడు, మెమరీలోని మొదటి 64 కిలోబైట్లలో ఏవో సంఖ్యలు మారిపోయేవి. ఆ చోటును బయాస్ వాడుకోదగినదిగానే చూపి ఉండేది. లినక్స్‌లో 2008లో ఈ పాడుచేతను కనిపెట్టే పరీక్షను చేర్చారు. తరువాత ఆ 64 కిలోబైట్లను వాడకుండా పక్కన పెట్టారు. 2021లో మొదటి 1 మెగాబైటునంతటినీ విడిచిపెట్టారు. 4 గిగాబైట్ల యంత్రంలో ఇది 4,096వ వంతు మాత్రమే. ఇంత చిన్న నష్టంతో ఎప్పుడో వచ్చే అంతుపట్టని పతనాన్ని తప్పించుకోవటం తెలివైన బేరం.

మరొక ఉదాహరణ కాష్‌కు సంబంధించినది. ప్రాసెసర్ పక్కనే ఉండే అతివేగపు చిన్న మెమరీ కాష్. ప్రధాన మెమరీలో ఏ భాగాన్ని కాష్ ద్వారా వాడవచ్చునో ఫర్మ్‌వేర్ కొన్ని రిజిస్టర్లలో వ్రాసి పెడుతుంది. కొన్ని బయాస్‌లు మెమరీ చివరి భాగాన్ని ఇందులో వ్రాయటం మరచాయి. ఆ భాగంలో లినక్స్ తన ముఖ్యమైన పని పెట్టుకొంటే యంత్రమంతా నత్తనడక నడిచేది. మెమరీ పెంచితే వేగం తగ్గినదేమని వాడుకరులు ఆశ్చర్యపడేవారు. 2008లో వచ్చిన సర్దుబాటు ఆ చివరి భాగాన్ని కత్తిరించి, ఇది బయాస్ దోషమనీ, ఇన్ని మెగాబైట్లు కోల్పోతున్నామనీ స్పష్టంగా ప్రకటిస్తుంది. తప్పు ఎవరిదో, నష్టం ఎంతో చెప్పిన ఈ పద్ధతి ఆదర్శప్రాయం.

నాలుగవది యూఈఎఫ్ఐ యంత్రాలది. యంత్రం మేలుకొనే సమయంలో ఫర్మ్‌వేర్ వాడుకొన్న మెమరీ ఆ దశ ముగిసిన తరువాత ఆపరేటింగ్ సిస్టంకు చెందాలన్నది ప్రమాణగ్రంథం చెప్పే నియమం. కొన్ని ఫర్మ్‌వేర్‌లు మాత్రం, చిరునామాలు మార్చుకోమని తరువాత పిలిచినప్పుడు, వదిలేసిన ఆ మెమరీనే మళ్ళీ తాకేవి. పొలం స్వాధీనం చేసిన తరువాత కూడా పాత కౌలుదారు ఒక కోత కోసుకొనిపోయినట్లు ఇది. 2011లో మాథ్యూ గారెట్ అనే ఇంజనీరు చేసిన మార్పు ప్రకారం, ఆ పిలుపు పూర్తయ్యేవరకు లినక్స్ ఆ మెమరీని ముట్టదు, తరువాత తీసుకుంటుంది. దోషం ఎప్పుడు జరుగుతుందో గుర్తించి ఆ కాలానికే పరిమితం చేసిన సర్దుబాటు కనుక శాశ్వత నష్టం లేదు.

ఈ నాలుగింటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే: సందేహం ఉన్నచోట దున్నవద్దు. భూమి పుష్కలంగా ఉన్నప్పుడు ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. భూమి కరువైనచోట ఏమవుతుందో ఇక చూడవచ్చు.

ఒక మెగాబైటు తగాదా

పీసీఐ అనే మార్గం ద్వారా కలిసే పరికరాలకు చిరునామాలు కేటాయించటానికి ఇ820 చాలదు. పరికరాల కోసం చిరునామాల మైదానంలో తెరిచి ఉంచిన భాగం ఏదో చెప్పే మరొక లెక్క ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. ఇది ఏసీపీఐ అనే ప్రమాణం క్రింద వస్తుంది. ఇంజనీర్లు ఆ భాగాన్ని కిటికీ అంటారు. ఊరి పోలికలో, ఇ820 రెవెన్యూ వారి అడంగలు అయితే ఇది కాలువలు త్రవ్వే శాఖవారి నకలు వంటిది. రెండూ ఒకే నేలను గురించి చెబుతాయి. రెండింటికీ పొంతన కుదరాలన్న హామీ లేదు.

2010 మే నెలలో విడుదలైన లినక్స్ 2.6.34, 2008 నుండి వచ్చిన యంత్రాలలో ఈ రెండవ లెక్కను నమ్మి పరికరాలకు చిరునామాలు ఇవ్వటం మొదలుపెట్టినది. వెంటనే చిక్కు వచ్చినది. పలు డెల్ యంత్రాలలో కిటికీ 3,071వ మెగాబైటు వద్ద మొదలై 3,584 వరకు ఉన్నదని ఏసీపీఐ లెక్క చెప్పినది. ఇ820 మాత్రం 3,070కి కాస్త పైనుండి 3,072 వరకు పోరంబోకు అన్నది. కిటికీలోని మొదటి ఒక్క మెగాబైటు మీద తగాదా వచ్చినదన్నమాట. అక్కడ పరికరాన్ని పెడితే పనిచేయలేదు. బహుశా అక్కడ ఉన్నది నిజమైన మెమరీయే కావచ్చు. కాలువ శాఖవారు తమ నకలులో ఒకరి చేను అంచును కూడా కలుపుకొన్నారు.

పీసీఐ భాగాన్ని నిర్వహించే బ్యోర్న్ హెల్గాస్ 2010 డిసెంబరులో దీనికి మార్పు వ్రాశాడు. అది 2011 జనవరిలో 2.6.37తో వచ్చినది. దాని నియమం సులభమైనది: ఇ820 జాబితాలో పేర్కొన్న ఏ చోటునూ పరికరానికి ఇవ్వరాదు. డెల్ యంత్రాలు బాగుపడ్డాయి. పైన చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేసినది కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

1,452 మెగాబైట్ల తగాదా

2019 నుండి మరొక రకం యంత్రాలు కనిపించసాగాయి. లెనోవో ఐడియాప్యాడ్ 3 నమూనాలలో ఒకటి దీనికి మంచి ఉదాహరణ. దానిలో ఏసీపీఐ చెప్పిన కిటికీ 1,620వ మెగాబైటు నుండి 3,072 వరకు, అనగా 1,452 మెగాబైట్లు. ఇ820 మాత్రం సుమారు 1,212 నుండి 3,328 వరకు ఒకే వరుసగా పోరంబోకు అని వ్రాసినది. కిటికీ అంతా పోరంబోకులో మునిగిపోయినది. 2010 నాటి నియమం ప్రకారం కొత్తగా ఏ పరికరానికీ ఒక్క బైటు కూడా ఇవ్వటానికి వీలులేదు.

ఆ యంత్రంలో టచ్‌ప్యాడ్‌ను నడిపే నియంత్రకానికి కావలసినవి 4 కిలోబైట్ల చిరునామాలు. ఫర్మ్‌వేర్ వాటిని తాను కేటాయించకుండా ఆపరేటింగ్ సిస్టం ఇస్తుందిలే అని వదిలిపెట్టినది. 1,452 మెగాబైట్ల కిటికీలో 4 కిలోబైట్ల స్థలాలు 3,71,712 ఉంటాయి. అయినా చోటు లేదని లినక్స్ సమాధానం చెప్పినది. టచ్‌ప్యాడ్ చచ్చిపడినది.

ఇక్కడ పోరంబోకు అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయని గమనించాలి. పోరంబోకును రైతు దున్నరాదు. కాని కాలువ త్రవ్వేది, దారి వేసేది ఆ పోరంబోకులోనే. ఇ820లో ప్రత్యేకించినది అన్నప్పుడు దాని అసలు భావం మామూలు మెమరీగా వాడవద్దు అని. అక్కడ మరెవరో కూర్చొని ఉన్నారని దానికి అర్థం కావచ్చు, కాకపోవచ్చు. డెల్ యంత్రాలలో ఎవరో కూర్చొనే ఉన్నారు. లెనోవో యంత్రంలో అది ఖాళీ కాలువ స్థలం. 2010 నియమం రెండింటికీ ఒకే అర్థం చెప్పినది.

ఇందులో నష్టపోయినది ఎవరో ఆలోచించాలి. కొబ్బరి మీద, వరి మీద వచ్చిన ఆదాయంలో మిగిల్చి ఒక కుటుంబం ఇంజనీరింగు చదివే పిల్లవానికి లాప్‌టాప్ కొన్నదనుకుందాం. దానితో వచ్చిన విండోస్‌లో టచ్‌ప్యాడ్ పనిచేస్తుంది. అతడు ఉచితమైన ఆపరేటింగ్ సిస్టం నేర్చుకుందామని లినక్స్ పెడితే పనిచేయదు. లినక్స్ మంచిది కాదని ఒకరంటారు, యంత్రమే పాడైనదని మరొకరంటారు. ఈ రెండూ తప్పే. రెండు రికార్డుల మధ్య తగాదాను ఒక పాత నియమం తప్పుగా తీర్చినది. కాని ఆ సంగతి చెప్పేవారు కొత్తపేటలో దొరకకపోతే పిల్లవాడు లినక్స్‌ను తీసివేస్తాడు; ఒక విద్య అతనికి దూరమవుతుంది.

దిద్దుబాటుకు దిద్దుబాటు

హాన్స్ డి గూడే అనే ఇంజనీరు ఈ సమస్యను చేపట్టాడు. కొత్త బయాస్ గల యంత్రాలలో ఇ820ను పట్టించుకోరాదన్న మొదటి ప్రయత్నం బెడిసికొట్టినది. లెనోవోవారిదే థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ రెండవ తరం యంత్రాలు పాతవి అయినా వాటిలో బయాస్‌ను తరువాత నవీకరించి ఉన్నందున కొత్త యంత్రాల లెక్కలోకి వచ్చాయి. వాటిలో కిటికీ అంచున 64 కిలోబైట్ల మీద డెల్ తగాదా వంటిదే ఉన్నది. ఫలితంగా నిద్రపుచ్చినప్పుడు అవి చెడిపోసాగాయి. ఆ మార్పును వెనక్కు తీసుకున్నారు.

2022 జూలైలో వచ్చిన 5.19లో మరింత జాగ్రత్తగా మూడు ఏర్పాట్లు చేశారు. బయాస్ తేదీ 2023 లేక ఆ తరువాతిది అయితే ఇ820ను పరికరాల విషయంలో పట్టించుకోరాదు. అంతకు ముందువాటిలో బాధపడుతున్నట్లు తెలిసిన నమూనాలను పేరుపేరునా జాబితాలో చేర్చారు. వాడుకరి తానే ఏ లెక్కను నమ్మాలో చెప్పుకోవటానికి ఒక ఆజ్ఞను కల్పించారు.

2023 ఫిబ్రవరిలో విడుదలైన 6.2లో హెల్గాస్ మరొక మెట్టు ఎక్కాడు. యూఈఎఫ్ఐ ఇచ్చే మూలజాబితాలో పరికరాల చిరునామాలకు ప్రత్యేకమైన తరగతి ఉన్నది. దానిని ఇ820 రూపానికి మార్చేటప్పుడు ఆ భేదం పోయి అంతా పోరంబోకుగా మారుతున్నది. కనుక ఆ తరగతికి చెందిన వరుసలు 256 కిలోబైట్లు, అంతకన్న పెద్దవి అయితే ఇ820 నుండి తొలగించారు, చిన్నవాటిని ఉంచారు. చిన్నవి కొన్ని యంత్రాలలో నిజంగానే పరికరాలకు ఇవ్వరాని చోట్లు కావటం దీనికి కారణం.

మంచి చెడ్డలు

ఈ పన్నెండేళ్ళ చరిత్రలో మెచ్చవలసినవి రెండు ఉన్నాయి. నిన్నటివరకు పనిచేసిన యంత్రం నేటి మార్పువల్ల చెడిపోరాదన్న నియమాన్ని లినక్స్ కఠినంగా పాటిస్తుంది. అందుచేతనే కొత్త లెనోవో కోసం పాత డెల్‌ను బలిపెట్టలేదు. మొదటి ప్రయత్నాన్ని సంకోచం లేకుండా ఉపసంహరించుకున్నారు. రెండవది, 2010లో మార్పు చేసినప్పుడే ఏ యంత్రం, ఏ చిరునామాలు, ఏ ఫలితం అన్నది పక్కనే వ్రాసి పెట్టారు. ఆ కొద్ది పంక్తులు లేకపోతే 2022లో ఎవరికీ ఆ నియమం ఎందుకు ఉన్నదో తెలిసేది కాదు. దానిని తీయటానికి భయపడేవారు, లేదా తీసి పాత యంత్రాలను పాడుచేసేవారు. ప్రయోగశాల పుస్తకంలో పరిశీలనను వ్రాసుకోమని ఉపాధ్యాయులు చెప్పే మాటకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. 2010లో కనిపించిన తగాదా కిటికీ అంచున ఒక్క మెగాబైటు మీద. దానికి వ్రాసిన నియమం మాత్రం మొత్తం జాబితాకు వర్తించినది. సాక్ష్యం చిన్నది, తీర్పు పెద్దది. ఎక్స్1 కార్బన్‌లో తగాదా 64 కిలోబైట్ల అంచు. లెనోవో ఐడియాప్యాడ్‌లో కిటికీ మొత్తం. అంచు మీద తగాదా వచ్చినప్పుడు పొరపాటు ఉన్నదని అనుమానించటం న్యాయం. ఇ820 కిటికీనంతటినీ మింగినప్పుడు అక్కడ పోరంబోకు అన్న మాటను మరొక అర్థంలో వాడారని గ్రహించటం న్యాయం. తగాదా పరిమాణమే ఒక సాక్ష్యం. పెద్ద వరుసలను తొలగించి చిన్నవి ఉంచిన 6.2 పద్ధతి చివరకు ఈ సాక్ష్యాన్నే గుర్తించినది. అందుకే అన్నిటిలోకి అది మెరుగైనది. అయితే 256 కిలోబైట్లు అన్న హద్దు ఏ ప్రమాణగ్రంథం నుండీ వచ్చినది కాదు. అది అనుభవం నిర్ణయించిన సంఖ్య. రేపు 300 కిలోబైట్ల నిజమైన పోరంబోకు గల యంత్రం వస్తే అది నిలువదు.

5.19లోని తేదీ నియమం ఇంకా బలహీనమైనది. తేదీ దోషానికి కారణం కాదు. 2022 డిసెంబరు బయాస్‌లో అబద్ధమైనది 2023 జనవరిలో నిజం కాజాలదు. పైగా బయాస్ తేదీ యంత్రపు వయస్సు కాదని ఎక్స్1 కార్బన్ అంతకుముందే చూపినది. నమూనాల జాబితా మాటకు వస్తే, అందులో పేరు ఎక్కాలంటే ఎవరో ఒకరు బాధపడి, కారణం కనిపెట్టి, ఆంగ్లంలో వ్రాసి పంపాలి. ఆ శక్తి లేనివారి యంత్రం జాబితాలోకి రాదు. ఈ పద్ధతి ఫిర్యాదు చేయగలిగినవారికే న్యాయం చేస్తుంది.

ఇంత శ్రమపడి సర్దుకోవటమే తప్పని వాదించేవారు ఉన్నారు. ఫర్మ్‌వేర్ అబద్ధమాడితే యంత్రం ఆగిపోవాలి, అప్పుడు తయారీదారు సిగ్గుపడి దిద్దుకుంటాడు అని వారి వాదం. ఇది వినటానికి బాగున్నది. కాని ఆగిపోయిన యంత్రం తయారీదారు బల్ల మీద ఉండదు. కొన్నవాని ఒళ్ళో ఉంటుంది. పెద్ద సంస్థ చేసిన తప్పుకు చిన్న కొనుగోలుదారుకు శిక్ష వేయటం న్యాయం కాదు. అయితే నిశ్శబ్దంగా సర్దుకుపోతే తయారీదారుకు తన తప్పు ఎప్పటికీ తెలియదన్న మాటలో సత్యం ఉన్నది. దీనికి మందు బహిరంగతలో ఉన్నది. కెనానికల్ సంస్థవారి ఫర్మ్‌వేర్ పరీక్షా సముదాయం వంటివి యంత్రం అమ్మకానికి రాకముందే ఇట్టి తప్పులను వెదకగలవు. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో లినక్స్‌బయాస్ పేరుతో మొదలై, 2008 నుండి కోర్‌బూట్ అన్న పేరుతో సాగుతున్న ప్రయత్నం ఫర్మ్‌వేర్‌నే అందరూ చదవదగినదిగా వ్రాస్తున్నది. అడంగలును కరణం పెట్టెలో దాచినంతకాలం తప్పులను ఊహించి సర్దుకోవాలి. దానిని చావడిలో పరిస్తే చూచినవారే దిద్దుతారు.

తరగతిలో

ఈ విషయాన్ని బోధించటానికి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కరలేదు. పాఠశాలలో లినక్స్ ఉన్న కంప్యూటర్ ఒకటి ఉంటే చాలును. అది మేలుకొనేటప్పుడు వ్రాసుకొనే దినచర్యలో, మొదటి పంక్తులలోనే, ఇ820 జాబితా కనిపిస్తుంది. ఒక్కొక్క పంక్తిలో మొదలు, చివర, తరగతి ఉంటాయి. చిరునామాలు పదహారు ఆధారంగా గల సంఖ్యలలో ఉంటాయి కనుక ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి సంఖ్యామానాల అభ్యాసం కూడా అవుతుంది. వాడుకోదగిన వరుసల పొడవులన్నీ కూడమనవచ్చు. వచ్చిన మొత్తం కొన్న మెమరీకన్న కొంచెం తక్కువ ఉంటుంది. ఆ తేడా ఎక్కడకు పోయినది? పోరంబోకు వరుసలలో పెద్దది ఏది? పరికరాల కిటికీకి, దానికి తగాదా ఉన్నదా? అదే దినచర్యలో కొంత క్రిందుగా కిటికీ హద్దులు కూడా ఉంటాయి కనుక విద్యార్థులు తామే సరిచూడగలరు.

ఈ అభ్యాసంవల్ల కలిగే లాభం కంప్యూటర్ పాఠానికి మించినది. భౌతికశాస్త్రంలో కొలపరికరపు దోషాన్ని సవరించేటప్పుడు సున్న దోషం ఎంత, ఏ వైపు అని ముందు నిర్ణయించి, అంతే సవరిస్తారు. స్క్రూగేజిలో దోషం 0.02 మిల్లీమీటర్లు అయితే ప్రతి కొలతనుండి అంతే తీసివేస్తారు. అనుమానం వచ్చినదని ఒక మిల్లీమీటరు తీసివేయరు. 2010 నియమం ఒక మెగాబైటు దోషానికి వేల మెగాబైట్ల సవరణ చేసినది. దాని మూల్యం తొమ్మిదేళ్ళ తరువాత వచ్చిన యంత్రాలను కొన్నవారు చెల్లించారు. దోషం ఎంతో కొలిచి అంతే దిద్దాలి; ఎందుకు దిద్దినదీ వ్రాసిపెట్టాలి. లినక్స్ రెండవ పనిని మొదటినుండీ చక్కగా చేసినది. మొదటి పనిని నేర్చుకోవటానికి పన్నెండేళ్ళు పట్టినది.